ఏనుగునెక్కిన మావటి, ఏనుగును కట్టిన గడ్డి

సుమతీ శతకాన్నీ వేమన పద్యాలనూ కలిపి 'నీతి పద్యాలు' అనేయడం మనకు అలవాటు. బడి పుస్తకంలో ఒకే పాఠం కింద నాలుగు కందాలు, నాలుగు ఆటవెలదులు పక్కపక్కనే ఉంటాయి. పిల్లలు అన్నిటినీ ఒకే రాగంలో కంఠతా పట్టి అప్పజెబుతారు. పెద్దయ్యాక పద్యం నోట్లో ఉంటుంది గానీ అది ఎవరిదో గుర్తుండదు. చెరువు నిండగానే చేరే కప్పలను వేమన ఖాతాలో వేసేవాళ్ళు, మేడిపండులోని పురుగులను సుమతీకారుడికి ఇచ్చేసేవాళ్ళు తరచూ తగులుతుంటారు. రెండూ మంచి మాటలే కదా, తేడా ఏముందంటారు. తేడా చాలా ఉంది. మనిషి స్వభావం గురించి ఇద్దరికీ తెలిసింది దాదాపు ఒకటే. తెలిశాక ఏం చెయ్యాలన్న దగ్గర ఇద్దరూ రెండు దారులు పట్టారు. ఆ రెండు దారులూ తెలుగువాళ్ళ బతుకులో ఇప్పటికీ ఉన్నాయి. మనం ఏ దారిలో నడుస్తున్నామో తెలుసుకోవడానికైనా వీటిని విడదీసి చదవాలి.

కవుల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం, ఎందుకంటే గట్టిగా చెప్పగలిగింది కొంచెమే. సుమతీ శతకాన్ని 13వ శతాబ్దికి చెందిన బద్దెనకు ఆపాదిస్తారు. భద్రభూపాలుడన్న పేరున్న ఈయన కాకతీయుల కాలపు చిన్న రాజు. నీతిశాస్త్ర ముక్తావళి కూడా ఈయనదే. శతకం ఆయనది కాదన్న పండితులూ ఉన్నారు. నేను సంప్రదాయాన్ని పాటించి బద్దెన అనే పిలుస్తాను. వేమన 17వ శతాబ్దివాడని ఎక్కువమంది అంటారు. కదిరి దగ్గరి కటారుపల్లిలో ఆయన సమాధి ఉంది. సి.పి. బ్రౌన్ 1829లో ఆరు వందల పైచిలుకు వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. 1839 నాటికి ఆ సంఖ్య వెయ్యి దాటింది. తర్వాత వచ్చిన సంపుటాల్లో ఇంకా పెరిగింది. జనం తమకు నచ్చిన మాటను వేమన పేరు మీద చెప్పుకుంటూ పోయారు. అందుకని నేను ఇక్కడ పోల్చేది ఇద్దరు మనుషుల్ని కాదు, తెలుగు జాతి నోట నానిన రెండు గొంతుల్ని.

ఇద్దరి దగ్గరా ఏనుగు ఉంది. ముందు దాన్ని చూద్దాం. ఒంటి బలం ఉన్నవాడికంటే నీతి తెలిసినవాడే బలవంతుడంటాడు బద్దెన. కొండంత ఏనుగు మీద మావటివాడు ఎక్కి కూర్చోలేదా అన్నది ఆయన దృష్టాంతం. వేమన ఏనుగు మరోచోట ఉంది. కలిసి ఉంటే ఎంత పనైనా అవుతుందని చెప్పి, గడ్డిపోచలను పేని ఏనుగును కట్టెయ్యమంటాడు. బలాన్ని గెలిచేది ఏది అన్నదే రెండు పద్యాల్లోనూ ప్రశ్న. బద్దెన జవాబు: తెలివిగల ఒక్కడు. వేమన జవాబు: ఏ బలమూ లేని పదిమంది. బద్దెన పద్యంలో ఏనుగు చివరిదాకా సేవ చేస్తూనే ఉంటుంది, పైన కూర్చున్నవాడు మాత్రమే మారతాడు. వేమన పద్యంలో ఏనుగు ఆగిపోతుంది. పైకెక్కి కూర్చునేవాడే అక్కడ లేడు.

ఇది కాకతాళీయమేమో అనుకునేవారికి బద్దెన పామూ చీమల పద్యం గుర్తుచేస్తాను. బలవంతుణ్ణి నాకేమని నలుగురితోనూ తగువు పెట్టుకోకు, ఎంత బలమైన పామైనా చలిచీమల చేతికి చిక్కి చావలేదా అంటాడు. ఇక్కడ చీమల ఐకమత్యం ఉంది, బలహీనులు గెలవడమూ ఉంది. కానీ పద్యం ఎవరితో మాట్లాడుతోందో చూడండి. పాముతో మాట్లాడుతోంది. జాగ్రత్త, వాళ్ళు ఎక్కువమంది, అని పెద్దవాడి చెవిలో చెబుతోంది. చీమలతో ఒక్క మాటా లేదు. వేమన గడ్డిపోచతో మాట్లాడాడు. ఒకే సత్యాన్ని రాజుకు చెబితే హెచ్చరిక అయింది, కూలివాడికి చెబితే ధైర్యం అయింది. నీతి పద్యం ఎవరి చెవిన పడుతోందన్నదాన్ని బట్టి నీతే మారిపోతుందని ఈ రెండూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

ఛందస్సు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇద్దరి ఆలోచన తీరూ ఆ పద్యాల కట్టడిలోనే ఉంది. కందానికి ప్రాస తప్పదు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. గణాలన్నీ నాలుగు మాత్రల లెక్కలో సాగాలి. అంత బిగువులో చెప్పిన మాట శాసనంలా వినిపిస్తుంది. మకుటం మూడక్షరాలే కాబట్టి బద్దెనకు దాదాపు పద్యమంతా చేతిలో ఉంటుంది. సంగతి చెబుతాడు, చాలాచోట్ల 'అదెలాగంటే' అన్న ధోరణిలో ఆగి మరీ పోలిక చూపిస్తాడు, విప్పి ముగిస్తాడు. వినేవాడికి మిగిలేది తలూపడమే. వేమనకు అంత చోటు లేదు. ఆటవెలదిలో నాలుగో పాదం మొత్తం మకుటానికే పోతుంది. మూడు పాదాల్లో పని అయిపోవాలి. మొదటి రెంటిలో మాట, మూడోదాంట్లో పోలిక, ఒక్కోసారి తిరగేసి. రెంటికీ మధ్య 'లాగా', 'వలె' అన్న వంతెన చాలాచోట్ల ఉండదు. ఉప్పూ కర్పూరమూ చూడటానికి ఒకటే అని చెప్పి, మనుషుల దగ్గరికి ఒక్కసారిగా దూకుతాడు. ఆ ఖాళీని వినేవాడే పూరించుకోవాలి. చదువురానివాడు కూడా వేమన పద్యం విని 'ఔరా' అనడానికి కారణం ఇదే అనుకుంటాను. సగం పద్యం వాడే కట్టుకుంటాడు. ప్రాస బెడద లేకపోవడం వల్ల రచ్చబండ మీది మాట నేరుగా పద్యంలోకి వచ్చి కూర్చుంది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1928లో వేమన మీద ఉపన్యాసాలు ఇచ్చేదాకా పండితలోకం ఆయన్ని కవిగా తలకెత్తుకోకపోవడానికీ ఈ సులువే ఒక కారణం.

మకుటాల్లో ఇంకో తేడా ఉంది. బద్దెన వినేవాణ్ణి మంచి బుద్ధిగలవాడా అని పిలుస్తాడు. గౌరవంగా పక్కన కూర్చోబెట్టుకుని లోకంలోని చెడ్డవాళ్ళ గురించి చెబుతాడు. వేమన ఎవరినీ పిలవడు, తనను తానే పిలుచుకుని విను అంటాడు. ఎంత కటువైన తిట్టయినా ముందు ఆయన్ను తాకే మన దాకా వస్తుంది. అందుకే ఆ తిట్టు మనకు కోపం తెప్పించదు.

ఇక కుక్క పద్యాలు. దగ్గరగా చదవాల్సిన జంట ఇది. బద్దెన బంగారు సింహాసనం తెప్పించాడు. మంచి లగ్నం చూశాడు. కుక్కను కూర్చోబెట్టి పట్టం కట్టించాడు. ఇంత చేసినా దాని పాత బుద్ధి ఎక్కడికి పోతుందన్నాడు. పద్యంలో సింహభాగం ఆ వేడుకకే ఖర్చయింది. కవి కన్ను సింహాసనం మీదుంది. పుట్టుకతో వచ్చింది పోదని, అనర్హుణ్ణి గద్దెనెక్కించడం వృథా అని తేల్చి ఆగాడు. వేమన పద్యంలో లగ్నమూ లేదు, బంగారమూ లేదు. అల్పబుద్ధికి అధికారం ఇస్తే వాడు చేసే మొదటి పని యోగ్యులందర్నీ బయటికి తరిమెయ్యడమని మొదటే చెప్పేశాడు. తర్వాతే చెప్పు కొరికే కుక్కకు చెరకు తీపి ఏం తెలుస్తుందన్న మాట వస్తుంది. బద్దెన గద్దెనెక్కినవాడి గురించి చెబితే, వేమన గెంటివేతకు గురైనవాళ్ళ గురించి చెప్పాడు. ఏ ఆఫీసులోనైనా, ఏ విశ్వవిద్యాలయంలోనైనా, ఏ పార్టీలోనైనా పదేళ్ళు పనిచేసినవారిని అడగండి, ఈ రెండింట్లో ఏది నిజంగా జరుగుతుందో. చేతగాని పెద్ద వచ్చాడన్న బాధ కొన్నాళ్ళదే. వాడి కింద పనిచెయ్యలేక చేతనైనవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం వల్ల జరిగే నష్టం తరతరాలది. ఇంత పెద్ద పరిపాలనా సత్యాన్ని వేమన ఒక్క పాదంలో పెట్టాడు. ఆ పాదం ముందు బద్దెన సింహాసనం నాకు వెలవెలబోతుంది.

అలాగని బద్దెనకు లోకం తెలియదనుకుంటే పొరపాటు. ఎక్కువే తెలుసు. కరణాల మీద ఆయన చెప్పిన పద్యాలు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. కరణాన్ని మంచి చేసుకోకుండా తిన్న తిండి వికటిస్తుందంటాడు. ఇరుసుకు కందెన పెట్టకపోతే పరమేశ్వరుడి బండి అయినా కదలదంటాడు. కరణం ఇంకో కరణాన్ని నమ్మకూడదని, గుట్టు విప్పకూడదని మరో పద్యం. ఊరి భూముల లెక్కలు ఎవరి చేతిలో ఉంటాయో, ఆ చేతికి ఎంత బలం ఉంటుందో ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య కరణాల వ్యవస్థను రద్దు చేసింది. లెక్కలు కంప్యూటర్లలోకి ఎక్కాయి. అయినా పట్టాదారు పాసుపుస్తకంలో తండ్రి పేరు తీసి తన పేరు ఎక్కించుకోవడానికి కార్యాలయం చుట్టూ తిరిగే రైతును కదిపి చూడండి, కందెన మాట ఆయనే ఎత్తుతాడు. పద్యం పాతబడలేదు.

కానీ ఆ పద్యం నన్ను ఇబ్బంది పెడుతుంది కూడా. బండి ఎందుకు కదలదో బద్దెన చెప్పాడు, కదలాలంటే ఏం రాయాలో చెప్పాడు. అలా రాయాల్సి రావడం తప్పని చెప్పలేదు. లంచం ఆయనకు ఎండా వానా వంటిది, గొడుగు పట్టుకుని నడవడమే వివేకం. ఊరు ఎంచుకోవడం గురించి చెప్పేటప్పుడూ అంతే. అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎడతెగని ఏరు, బ్రాహ్మడు ఉన్న ఊళ్ళో కాపురముండమంటాడు. చక్కటి సలహా, ఇల్లు కొనేవాళ్ళు ఇప్పటికీ ఇంచుమించు అవే చూస్తారు. అవి లేని ఊళ్ళో పుట్టినవాడి సంగతేమిటన్న ప్రశ్న ఆ పద్యానికి అందదు. నలుగురిలో సమయానికి తగిన మాటాడి, ఎవరినీ నొప్పించక, తానూ నొచ్చుకోక తప్పుకు తిరిగేవాడే ధన్యుడన్న పద్యం ఉంది చూశారూ, తెలుగు మధ్యతరగతి ఇళ్ళల్లో దానికున్నంత పలుకుబడి మరే పద్యానికీ లేదు. పెళ్ళి చేసి అత్తవారింటికి పంపేటప్పుడూ, మొదటి ఉద్యోగానికి పంపేటప్పుడూ పెద్దలు చెప్పేది అదే. మంచిదే. కానీ అందరూ తప్పుకు తిరిగితే అన్యాయానికి ఎదురు నిలిచేదెవరు? ఆ పద్యం కంఠతా వచ్చినంత బాగా ఈ ప్రశ్న మనకు రాలేదు.

వేమన కూడా వెనక్కి తగ్గమన్న సందర్భం ఒకటుంది. అనువుగాని చోట గొప్పలు పోవద్దు, తగ్గి ఉన్నంత మాత్రాన తక్కువైపోము, కొండ అద్దంలో చిన్నదిగా కనబడదా అంటాడు. సలహా పైకి బద్దెనదే. అయితే బద్దెన పద్యంలో మనిషి దెబ్బ తగలకుండా బయటపడతాడు, వేమన పద్యంలో తన కొలత తాను మరిచిపోకుండా బయటపడతాడు. అద్దం చిన్నదైతే అది కొండ తప్పు కాదు. అవమానం జరిగిన రోజున నేను పట్టుకునేది ఈ పద్యాన్నే.

డబ్బు గురించి ఇద్దరికీ భ్రమలు లేవు. సంపద రాగానే చుట్టాలు వస్తారన్న బద్దెన పరిశీలన అందరికీ తెలిసిందే. వేమన ఇంకో అడుగు వేశాడు. కులం లేనివాడు కలిమితో వెలిగిపోతాడు, కలిమి పోతే కులమూ దిగిపోతుంది అన్నాడు. చుట్టాలే కాదు, పుట్టుకతో వచ్చిందని మనం నమ్మే గొప్ప కూడా డబ్బు వెంటే నడుస్తుందని చెప్పడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. బద్దెన కప్పల దగ్గర ఆగితే వేమన చెరువునే తవ్వి చూశాడు.

శత్రువు విషయంలో ఇద్దరూ దాదాపు ఒకే మాట చెప్పారు. అందుకే అక్కడ తేడా మరింత బాగా కనిపిస్తుంది. మేలు చేసినవాడికి మేలు చెయ్యడం వింత కాదు, కీడు చేసినవాడికి వాడి తప్పు ఎంచకుండా మేలు చేసేవాడే నేర్పరి అని బద్దెన. చంపదగ్గ శత్రువు చేతికి చిక్కినా కీడు చెయ్యొద్దు, మేలు చేసి పొమ్మనడమే వాడికి చావు అని వేమన. బద్దెన పద్యం మెత్తనిది, ఉదారమైనది, మనసులో కసి ఉండవచ్చన్న ఊసే లేదు. వేమన కసిని దాచలేదు. వాడు చంపదగ్గవాడేనని ముందు ఒప్పుకున్నాడు. మేలు చెయ్యడంలో కూడా గెలుపు రుచి చూడమన్నాడు. ఔదార్యం కొలిస్తే బద్దెనదే పైచెయ్యి. కానీ వేమన పెట్టిన షరతు గమనించాలి. శత్రువు చేతికి చిక్కి ఉండాలి. అంటే క్షమించమని ఆయన అడిగింది ఆ క్షణాన బలం చేతిలో ఉన్నవాణ్ణి. దెబ్బలు తింటున్నవాణ్ణి ఓర్చుకో, క్షమించు అనలేదు. మనం నిత్యం చెప్పే క్షమాగుణ ప్రబోధాలన్నీ దెబ్బలు తినేవాడికే కదా.

ఇంతవరకూ చదివి బద్దెన లోకజ్ఞుడు, వేమన అంతర్ముఖుడు అని గీత గీస్తే ఆ గీత కోపం దగ్గర చెరిగిపోతుంది. తన కోపమే తనకు శత్రువు, తన శాంతమే రక్ష, దయే చుట్టం, సంతోషమే స్వర్గం, దుఃఖమే నరకం అని చెప్పినవాడు బద్దెన. స్వర్గనరకాలను మనిషి లోపలికి తెచ్చిన ఆ పద్యం ముందు ఏ యోగి అయినా తల వంచాలి. వేమన కోపం పద్యం మాత్రం లాభనష్టాల లెక్క. కోపంతో ఘనత తగ్గుతుంది, గుణం చెడుతుంది, కోపం అణిస్తే కోరికలు తీరతాయి. రాజు యోగిలా మాట్లాడాడు, యోగి కరణంలా లెక్క చెప్పాడు.

వినడం గురించి కూడా బద్దెనదే గెలుపు. ఎవరు చెప్పినా విను, వినగానే తొందరపడకు, అబద్ధమో నిజమో తేల్చుకో, అలా తేల్చుకున్నవాడే నీతిపరుడు అన్నాడు. వేమనలో ఇంత ఓపిక నాకు కనబడదు. ఆయన తేల్చేసుకున్నాకే నోరు విప్పుతాడు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతిదాన్నీ చదవకుండానే పదిమందికి పంపే ఈ రోజుల్లో బద్దెన పద్యం కన్నా అవసరమైనది తెలుగులో మరొకటి లేదు.

ఇద్దరిలోనూ బడి పుస్తకాలు దాచిపెట్టే పద్యాలున్నాయి. ఆడవాళ్ళను నమ్మరాదన్న మాటలు సుమతీ శతకంలో ఉన్నాయి, వేమన పేరు మీదా ఉన్నాయి. కాలం అలాంటిదని సర్దిచెప్పి నేను వాటిని వెనకేసుకురాలేను. మనిషి స్వభావం తెలిసినవాళ్ళమని చెప్పుకున్న కవులు మనుషుల్లో సగంమందిని అసలు చూడలేదు. కులం విషయంలో వేమన ధైర్యం గొప్పదే. పుట్టుకతో ఎవరూ అంటరానివాళ్ళు కారని, మాట తప్పినవాడే అంటరానివాడని ఆయన పేరు మీదున్న పద్యం ఎందరికో ఊపిరి పోసింది. కానీ ఒకటి చూడాలి. అంటరానితనాన్ని పుట్టుక నుంచి తీసి నడతకు అంటించాడే గాని, ఒక జాతి పేరు తిట్టుగా వాడటం ఆ పద్యంలో మానలేదు. ఆ పేరు మోసేవాళ్ళ పిల్లలు అదే తరగతిలో కూర్చుని ఆ పద్యం వింటే ఎలా ఉంటుందో ఉపాధ్యాయులు ఆలోచించాలి. వేమనను ప్రేమించేవాళ్ళే ఈ మాట ముందుగా అనాలి.

రెంటిలో ఏది గొప్పదని అడిగితే తప్పించుకోను. బతకడానికి బద్దెన కావాలి. సుమతీ శతకం తెలియనివాడు మోసపోతాడు, అప్పులపాలవుతాడు, అనవసరమైన తగువుల్లో ఇరుక్కుంటాడు. కానీ ఆ శతకం ఒక్కటే తెలిసినవాడు ఎన్నేళ్ళు బతికినా లోకాన్ని ఉన్నచోటే వదిలి వెళతాడు. తెలుగు సమాజం వేమనకు హైదరాబాదు టాంక్‌బండ్ మీద విగ్రహం పెట్టింది, కడపలో విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టింది, బతుకు మాత్రం బద్దెన చెప్పినట్టే బతుకుతోంది. ఏనుగునెక్కే మావటిగా కొడుకును తయారు చేస్తున్న తల్లిదండ్రులు ఊరూరా ఉన్నారు. గడ్డిపోచలను పేనడం నేర్పేవాళ్ళు కరువయ్యారు. కాబట్టి ఈనాటికి నా ఓటు వేమనకే.

ఇంట్లో పిల్లలుంటే బడి పుస్తకంలోని ఏరిన పద్యాలతో సరిపెట్టకండి. రెండు పుస్తకాలూ పూర్తిగా కొనండి. నచ్చని పద్యాలతో సహా పక్కపక్కన పెట్టి చదివించండి. ఏది ఎందుకు నచ్చలేదో వాళ్ళనే చెప్పనివ్వండి.